లాంగ్ రైడ్‌ల సీటు నొప్పి: సీటు మార్చాల్నా, షార్ట్ కొనాల్నా, పానా పట్టాల్నా

ఆదివారం పొద్దుగాల వరంగల్ భద్రకాళి బండ్ కాడ సైకిళ్లు స్టాండేసి చాయ్ తాగుతుంటే కొత్తగ చేరినోళ్లు అడిగే మొదటి ముచ్చట ఎప్పటికీ ఒక్కటే, "అన్నా, కింద మస్తు నొప్పి లేస్తుంది, ఏ సీటు కొనాలె?" నేను ఉల్టా అడుగుత, "కింద అంటే ఎక్కడ?" అని. పక్కనున్నోళ్లంత కిసకిస నవ్వుతరు, అడిగినోడు సిగ్గుపడి చాయ్ గ్లాసు దిక్కు చూస్తడు. నేను జోక్ కోసం అడగట్లేదు. కింద అంటే మూడు జాగలున్నయి, మూడు నొప్పులు వేరే వేరే, ఒకదానికి పనికొచ్చే వస్తువు ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు ఉన్న నొప్పిని ఇంకింత పెంచుతది. ఎక్కడ నొప్పో చూసుకోకుండ ఆన్‌లైన్ల సీటు ఆర్డర్ పెడితే పైసలు పోతయి, నొప్పి అట్లనే ఉంటది.

మొదటిది బొక్కల నొప్పి. రాతి అరుగు మీద కూసొని అరచేతులు పిర్రల కింద పెట్టుకోండి, రెండు గట్టి బొక్కలు చేతికి తాకుతయి. సైకిల్ మీద మన బరువు మోయాల్సింది అవే. కొత్తోళ్లకు మొదటి రెండు మూడు వారాలు అక్కడ దెబ్బ తగిలినట్టుంటది, అలవాటైతే చాలా మటుకు దానంతట అదే తగ్గుతది. రెండోది తోలు ఒరుసుకపోవుడు, తొడ సందుల, పిర్రల మడత కాడ ఎర్రగయి మంట లేస్తది, రైడ్ అయినంక స్నానానికి మొదటి చెంబు పోసుకున్నప్పుడు "అబ్బా" అని అరుస్తం చూడండి, అది. మూడోది తిమ్మిరి, మధ్యల, ముందు భాగంల మొద్దుబారినట్టు అయితది. మొదటిది ఓర్చుకోవచ్చు, రెండోది ఓర్చుకుంటే పుండయితది, మూడోది మాత్రం అస్సలు ఓర్చుకోవద్దు ఎందుకంటే అక్కడ నరాలు, రక్తనాళాలు నలుగుతున్నయని దాని అర్థం.

నాకు ఈ తెలివి రామప్ప రోడ్డు మీద వచ్చింది. హన్మకొండ నుంచి రామప్ప గుడికి ఒక దిక్కు 70 కిలోమీటర్లు అటుఇటు, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా గ్రూపుల "ఒక్కసారన్న సైకిల్ మీద పోవాలె" అని అందరు అంటనే ఉన్నరు, ఒక డిసెంబర్ల నలుగురం తెల్లారి 5 గంటలకు బయల్దేరినం. రెండు రోజుల ముందే నేను 450 రూపాయలు పెట్టి సీటు మీద వేసే జెల్ కవర్ కొన్న, వేలితోని నొక్కితే దూది లెక్క లోపలికి పోయింది, ఇగ సోఫా మీద పోయినట్టే అనుకున్న. ములుగు దాకా నిజంగనే సోఫా. గట్టమ్మ గుడి కాడ ఆగి దండం పెట్టుకొని ఫోటోలు కూడ దిగినం. జంగాలపల్లి క్రాస్ కాడ మళ్లినంక కవర్ ఎడమ పక్కకు జరుగుడు మొదలువెట్టింది, దాని తాడు గట్టిగ గుంజి కట్టిన, పది నిమిషాలకు మళ్ల జరిగింది, గుడి కాడ దిగేసరికి మధ్యల స్పర్శ లేదు. వాపస్ వచ్చేటప్పుడు మల్లంపల్లి దాటినంక కూసునుడు కాలేదు, రెండు నిమిషాలు పెడల్ మీద నిలబడుడు, ఒక నిమిషం కూసునుడు, మళ్ల నిలబడుడు. గూడెప్పాడ్ కాడ చాయ్ హోటల్ కాకా బెంచి తుడిచి "కూసో బిడ్డా" అంటే "వద్దు కాకా, నిలవడే తాగుత" అన్న. ఆయన నన్ను చూసిండు, ఉబ్బిన సీటును చూసిండు, "గంత మెత్తగున్నది గదనే, ఇంకేం నొప్పి" అన్నడు.

మెత్తగుండుడే దాని రోగం. మెత్తటి దాని మీద కూసుంటే ఆ రెండు బొక్కలు లోపలికి దిగబడతయి, అవి దిగినంత మేర మధ్యల జెల్ పైకి ఉబ్బుతది, ఆ ఉబ్బింది పోయి బరువు మోయకూడని జాగలో ఒత్తుతది. పిండిల రెండు వేళ్లు గుచ్చితే మధ్యల పిండి ఎట్ల లేస్తదో అట్ల. పైనుంచి కవర్ జరుగుతుంటే ఒరుపు కూడ జాస్తి. అంటే బొక్కల నొప్పి తగ్గుతదని కొన్న వస్తువు నాకు తిమ్మిరి, మంట రెండు తెచ్చిపెట్టింది. అట్లని జెల్ కవర్ ఎవ్వరికీ పనికిరాదని కాదు, నిటారుగ కూసొని తొక్కే సైకిల్ మీద కూరగాయలకు, ట్యూషన్‌కు, ఐదారు కిలోమీటర్లు పోయొచ్చేటోళ్లకు బాగనే ఉంటది. నా కవర్‌ను ఇప్పుడు మా అమ్మ బతుకమ్మ పేర్చేటప్పుడు పీట మీద వేసుకుంటది, దానికైతే ఫస్ట్ క్లాస్.

ఇక్కడ ఒక పెద్దమనిషి ఎప్పుడూ లేస్తడు, "మా కాలంల ఈ షార్టులు క్రీములు ఏమున్నయి, దినాం సైకిల్ తొక్కలేదా" అని. నిజమే, మా బాపు ఏండ్ల తరబడి ఆజంజాహి బట్టల మిల్లుకు సైకిల్ మీదనే పోయిండు, ఒక్కనాడు నొప్పి అనలేదు. కానీ ఆ సైకిల్ సీటు చూడండి, ఎనక ఇంత వెడల్పు, కింద రెండు లావు స్ప్రింగులు, పైన మెత్త లేదు, గుంజి బిగించిన తోలు. హ్యాండిల్ ఎత్తుల ఉంటది కాబట్టి మనిషి కుర్చీల కూసున్నట్టు నిటారుగ కూసుంటడు, బరువంత బొక్కల మీదనే పడతది, ఆ బొక్కలకు సరిపోయే వెడల్పు సీటుకు ఉన్నది. పైగ పోయేది పావుగంట దూరం, మధ్యల ఎవరన్న కనవడితే దిగి మాట్లాడుడు. మనం గేర్ సైకిల్ మీద ముందుకు వంగి ఐదు గంటలు ఆపకుండ తొక్కుతున్నం, లెక్కే వేరు. ఎంత వంగితే అంత సన్న సీటు, ఎంత నిటారుగుంటే అంత వెడల్పు సీటు, సీట్ల కంపెనీలన్ని ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తున్నయి.

ఇగ అసలు పోలికకు వద్దాం. నా ముందటున్న ఎంపికలు ఇవి: ఉన్న సీటునే సరిగ సెట్ చేసుకునుడు, ప్యాడ్ షార్ట్ (లోపల మెత్త కుట్టిన సైకిల్ నిక్కర్) కొనుడు, సీటే మార్చుడు, క్రీమో నూనో రాసుడు, టైర్ల గాలి తగ్గించుడు. చాలా మంది సీటు మార్చుడుతోని మొదలువెడతరు. నేనైతే సెట్టింగ్, షార్ట్, ఆ తర్వాతనే సీటు అంట. ఎందుకంటే సీటు తప్పు ఎత్తుల ఉన్నప్పుడు మీరు కొన్న కొత్త సీటు మంచిదో చెడ్డదో ఎన్నటికీ తెల్వదు.

సెట్టింగ్‌కు పైస ఖర్చు లేదు, ఒక అలెన్ కీ (ఆరు పలకల చిన్న పానా), అరగంట టైము. గోడకు ఆనుకొని సైకిల్ ఎక్కండి, మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ను కింద చివరిదాకా దింపండి, మోకాలు దాదాపు నిట్టనిలువు కావాలె, పిర్ర పక్కకు ఒరగొద్దు. తర్వాత మామూలుగ పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటది, అంతే కావాల్సింది. లెక్క కావాలంటే ఇంకో పద్ధతి ఉన్నది, గ్రెగ్ లెమాండ్ పేరు మీద నడుస్తది, టూర్ ద ఫ్రాన్స్ మూడుసార్లు గెల్చిన అమెరికా రైడర్. చెప్పుల్లేకుండ గోడకు నిలబడి రెండు కాళ్ల మధ్యల ఒక లావు పుస్తకం పైకి గట్టిగ ఆనించి నేల నుంచి ఆ పుస్తకం అంచు దాకా కొలవాలె, దాన్ని 0.883తోని గుణించాలె. నాకు 80 సెంటీమీటర్లు వచ్చింది, గుణిస్తే 70.6, అంటే క్రాంక్ తిరిగే నడి బోల్ట్ నుంచి సీటు పైదాకా 70న్నర అటుఇటు. నా సీటు అప్పటిదాకా ఎంతున్నదో తెలుసా, 73. షాపుల సైకిల్ ఇచ్చేటప్పుడు పిలగాడు "అన్నా గేర్ సైకిల్‌కు సీటు ఎత్తుగ ఉంటేనే లుక్కు" అని పానా పెట్టి లేపిండు, నేను రెండేండ్లు గా లుక్కు మీదనే తొక్కిన. సీటు ఎక్కువ ఎత్తుంటే ప్రతి తొక్కుడుకు నడుము ఎడమకు కుడికి ఊగుతది, ఆ ఊగుడుల మన ఒంటి తోలు సీటుకు ఒరుసుకుంటది, గంటకు ఎన్ని వేలసార్లు తొక్కుతమో అన్ని వేలసార్లు. ఎనక వచ్చే దోస్తును ఒక కిలోమీటర్ వీడియో తీయమనండి, నడుము ఊగుతుందా లేదా దాంట్ల కనవడతది. నాది ఒక పక్కకు ఎక్కువ ఊగుతున్నదని నాకు వీడియో చూసినంకనే తెలిసింది.

సీటు ముక్కు సంగతి కూడ చూడాలె. ఫోన్ల లెవెల్ చూసే యాప్ ఉంటది, సీటు మీద ఒక అట్ట పెట్టి దాని మీద ఫోన్ పెట్టండి. సమానంగ ఉండాలె, తిమ్మిరి ఎక్కేటోళ్లు ముక్కును ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించొచ్చు. చాలా మంది తిమ్మిరి పోవాలని ఐదారు డిగ్రీలు దించుతరు, అప్పుడు మనిషి ముందుకు జారుతుంటడు, జారకుండ చేతులతోని ఆపుకుంటడు, ముంజేతులు గుంజుడు, అరచేతుల తిమ్మిరి, ఒక నొప్పి పోయి ఇంకోటి వచ్చె. హ్యాండిల్ మరీ దూరమున్నా ఇదే గోల, అందుకోలేక సీటు ముక్కు మీదికి జరిగి కూసుంటరు, బొక్కలు సీటు వెడల్పు జాగ మీద ఉండనే ఉండవు. అట్లాంటోళ్లు ఎంత ఖరీదు సీటు కొన్నా దాని ముక్కు మీదనే కూసుంటరు కదా, హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకునే చిన్న స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు పట్టి ఉంచే ముక్క) వాళ్లకు సీటు కంటే ఎక్కువ పనికొస్తది. మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే, అర సెంటీమీటర్ చొప్పున, మార్చే ముందు పాత కొలత సీటు రాడ్ మీద టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి.

షార్ట్ దగ్గరికి వద్దాం. 40, 50 కిలోమీటర్ల పైన తొక్కేటోళ్లు ఏదన్న ఒక్కటే కొనాలంటే నేను షార్టే కొనమంట, సీటు కాదు. దాంట్ల కుట్టిన ప్యాడ్‌ను షామీ అంటరు, ఒకప్పుడు నిజంగనే మెత్తటి తోలు కుట్టేటోళ్లు, ఉతికితే ఎండి అప్పడం లెక్క అయ్యేదట, దాన్ని మెత్తగ చేసుకునేటందుకు క్రీమ్ రాసేటోళ్లు, షామీ క్రీమ్ అనే మాట అట్ల వచ్చింది. ఇప్పుడు ఫోమ్. ప్యాడ్ మన ఒంటితోని పాటే కదులుతది, సీటు కవర్ లెక్క జరగది, ఒరుపు తగ్గేది అందుకే. కొనేటప్పుడు లావు చూడకండి, లావు ప్యాడ్ వేసుకుంటే చిన్న పిల్లల డైపర్ లెక్క మధ్యల ముద్ద కడతది. బొక్కలు ఆనే జాగలో బొటనవేలితోని గట్టిగ నొక్కండి, వేలు అడుగు దాకా వెంటనే దిగిపోతే 20 కిలోమీటర్లకు బొక్క కూడ దిగిపోతది. గట్టిగ ఎదురు తిరగాలె, అంచులకు పోయేకొద్ది పలచనయి తొడ కాడ కుట్టు గుచ్చుకోకుండ ఉండాలె. డెకథ్లాన్‌ల చౌకవి నుంచి ఖరీదువి దాకా అన్ని దొరుకుతయి, అన్నిటికంటే కిందిది వద్దు, ఒక మెట్టు పైది తీసుకోండి, అంతకు పైన పెట్టే ప్రతి వెయ్యికి వచ్చే సుఖం కొంచెం కొంచెమే.

లోపల డ్రాయర్ వేసుకోవద్దు. ఈ మాట చెప్తే సగం మంది నమ్మరు, సిగ్గుపడతరు, కానీ ఆ కాటన్ చెమట పీల్చుకొని తడిగనే ఉంటది, దాని కుట్లు సరిగ్గ తొడ సందులనే ఉంటయి, ప్యాడ్ పెట్టిందే కుట్లు లేకుండ ఉండాలని, మధ్యల కుట్లున్న గుడ్డ పెడితే ఇగ లాభమేంది. బిగుతు షార్ట్ మీద హోటల్లకు, గుళ్లకు పోవుడు ఇబ్బందనుకుంటే పైనుంచి ఒక వదులు నిక్కర్ వేసుకోండి, నేను రామప్ప గుళ్లెకు పోయేటప్పుడు బ్యాగుల లుంగీ పెట్టుకపోత, చుట్టుకుంటే అయిపోయె. ఇంకో రకం ఉంటది, భుజాల మీదికి పట్టీలు ఉండేది, బిబ్ అంటరు. నడుము కాడ ఎలాస్టిక్ ఒత్తదు, ప్యాడ్ జరగది, పొట్ట ఉన్నోళ్లకు మస్తు సుఖం, కానీ ఒంటికి రెంటికి ఆగినప్పుడు పైన జెర్సీ కూడ ఇప్పాలె. 100 లోపు తొక్కేటోళ్లకు మామూలు షార్ట్ చాలు. 200 బ్రెవెట్‌లకు (టైము లోపల 200 కిలోమీటర్లు పూర్తి చేయాల్సిన రైడ్) పోయేటోళ్లు, అది 13న్నర గంటల్ల అయిపోవాలె కదా, పొద్దంత సీటు మీదనే ఉంటరు, వాళ్లకు బిబ్ మేలు.

ఆడోళ్లకు ఒక ముచ్చట. మా గ్రూపుల ఒక మేడం మూడు నెలలు మగోళ్ల షార్ట్ వేసుకొని బాధపడ్డది, షాపుల అన్ని ఒక్కటే అన్నరట. ఒక్కటి కాదు, ప్యాడ్ ఆకారమే వేరుంటది. సీటు కూడ అంతే, సాధారణంగ ఆడోళ్లకు కూసునే బొక్కల మధ్య దూరం కొంచెం ఎక్కువ కాబట్టి ఎనక వెడల్పున్నది, ముక్కు పొట్టిగున్నది, మధ్యల ఖాళీ ఉన్నది చూసుకోవాలె. కానీ "లేడీస్ సీటు" అని రాసుంటే కళ్లు మూసుకొని కొనొద్దు, చాలా మటుకు అవి మెత్తగ, లావుగ ఉండే నిటారు సైకిళ్ల సీట్లు. కొలత చూసే కొనాలె.

ఆ కొలత ఎట్లనంటే, కిరాణా షాపుల అట్ట డబ్బా ఒకటి అడుక్కోండి, గీతలు గీతలుండే అట్ట. గట్టి మెట్టు మీద పెట్టి కూసోండి, కొంచెం ముందుకు వంగి మడమలు లేపి ఒక నిమిషం అట్లనే ఉండండి. లేచి చూస్తే రెండు గుంతలు పడి ఉంటయి, చేతితోని తడిమితే తెలుస్తది. గుంతల నడుమ నుంచి నడుమకు కొలవండి, పెద్దోళ్లల్ల చాలా మందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్యల వస్తది. నాకు 12 వచ్చింది. దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే కావాల్సిన సీటు వెడల్పు, నిటారుగ కూసునేటోళ్లు ఇంకొంచెం కలపాలె. నా సైకిల్‌తోని వచ్చిన సీటు వెడల్పు 13, అంటే నా బొక్కలు అంచుల మీద ఆనుతున్నయి, అంచులు జారుడుగ ఉంటయి, మిగిలిన బరువు మధ్యల పడుతుంది. రెండేండ్ల నొప్పికి కారణం ఒక అట్ట ముక్క చెప్పింది. లావున్నోళ్లకు వెడల్పు సీటు, సన్నగున్నోళ్లకు సన్నది అనుకుంటరు గానీ బొక్కల దూరానికి ఒంటి లావుకు సంబంధం లేదు, కొలిస్తేనే తెలుస్తది.

సీట్లల్ల మూడు రకాల మధ్యల ఎంచుకోవాల్సి వస్తది. స్పాంజ్ తక్కువున్న గట్టి సీటు, దాంట్లనే మధ్యల గాడి గానీ ఖాళీ గానీ ఉన్నది, ఇంకోటి తోలు సీటు. తిమ్మిరి ఎక్కేటోళ్లు మధ్యల ఖాళీ ఉన్నదే తీసుకోండి, ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. తిమ్మిరి లేనోళ్లకు ఖాళీ లేకున్నా నడుస్తది, కొంతమందికి ఆ ఖాళీ అంచులే గుచ్చుకుంటయి. తోలు సీటంటే ఇంగ్లండ్ బ్రూక్స్, 1866ల మొదలైన కంపెనీ, బాపు సైకిల్ సీటు కుటుంబమే అనుకోండి. మొదట్ల చెక్క లెక్క ఉంటది, కొన్ని వందల కిలోమీటర్లు తొక్కినంక మన బొక్కలకు తగ్గట్టు రెండు గుంతలు పడి అప్పుడు సెట్ అయితది, సెట్ అయినోళ్లు ఇగ ఇంకో సీటు ముట్టరు. ధర జాస్తి, బరువు జాస్తి, తడిస్తే తోలు సాగి పాడైతది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన దిక్కు వానలు, పైన కవర్ పెట్టుకోవాలె, ఆగినప్పుడల్ల చూసుకోవాలె, అంత ఓపిక నాకు లేదు కాబట్టి నేను కొనలేదు. ఎండాకాలం చలికాలమే తొక్కి వానల సైకిల్ తీయనోళ్లకు మంచి బేరం. నేను తీసుకున్నది 14 సెంటీమీటర్ల పైచిలుకు, మధ్యల ఖాళీ, వేలితోని నొక్కితే కొంచెమే దిగే సీటు. మొదటి వారం మా తమ్ముడు ఎక్కి "అన్నా ఇది బండరాయి" అన్నడు. వాడు ఎక్కింది రెండు నిమిషాలు. షాపుల బొటనవేలితోని నొక్కి సీటు కొనుడులో ఉన్న మోసమే ఇది, రెండు నిమిషాలకు మెత్తటిదే గెలుస్తది, మూడు గంటలకు గట్టిదే గెలుస్తది. దోస్తు దగ్గర ఉంటే అడుక్కొని ఒక 30 కిలోమీటర్లు తొక్కి చూసినంకనే కొనండి.

స్ప్రింగ్ ఉండే సీటు రాడ్ కూడ ఉంటది, కొంతమంది అడుగుతరు. నిటారు సైకిళ్లకు, నడుము నొప్పి ఉన్నోళ్లకు పనికొస్తది, బరువు పెరుగుతది, మనం కూసుంటే కొంచెం దిగుతది కాబట్టి ఎత్తు కొలిచేటప్పుడు కూసొనే కొలవాలె. నేనైతే ఆ పైసలు లావు టైర్ల మీద పెడత. మన రోడ్ల సంగతి తెలుసు కదా, హైవే మీద నున్నగనే ఉంటది, ఊరొచ్చేసరికి వరుసగ మూడు స్పీడ్ బ్రేకర్లు, వరి కోతలప్పుడైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచుకు రాళ్లు పేరుస్తరు, మనం దిగి గుంతల నుంచే పోవాలె. పంక్చర్ షాపుల కంప్రెసర్ పెట్టి రాయి లెక్క గాలి కొడతరు, ప్రతి గుంత దెబ్బ నేరుగ బొక్కలకే. నా బరువు 74 కిలోలు, 32 మిల్లీమీటర్ల టైర్లు, ఎనక 60 ముందు 55 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టుకుంట, అంతకుముందు 85 ఉండేది, తేడా మొదటి స్పీడ్ బ్రేకర్ కాడనే తెలిసింది. టైరు పక్కన రాసున్న అతి తక్కువ అంకె కిందికి మాత్రం పోవద్దు, గుంతల రిమ్ తాకి ట్యూబ్ కొరుక్కుపోతది.

రాసుకునేటియి. ఇది తోలు ఒరుపుకు మాత్రమే, బొక్కల నొప్పికి ఎంత రాసినా ఏం కాదు. షామీ క్రీమ్ అన్నిటికంటే మంచిది, ప్యాడ్ ఖరాబు చేయదు, నీళ్లతోని పోతది, కొన్నిట్ల పుదీనా సత్తు కలుపుతరు, చల్లగుంటదని ఎక్కువ పూసుకోకండి, మొదటిసారి జర అంతే పెట్టి చూడండి, సున్నితమైన జాగలో బామ్ రాసుకున్నట్టయితది. కొబ్బరి నూనె ఇంట్ల ఉండేది, చౌక, 60, 70 కిలోమీటర్ల దాకా పని నడుస్తది, తర్వాత మళ్ల రాసుకోవాలె. 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడతది కాబట్టి డిసెంబర్, జనవరిల తెల్లారి 5 గంటలకు సీసా తలకిందులు చేసినా చుక్క రాదు, రాత్రే ఒక చిన్న డబ్బాల తీసిపెట్టుకోండి. వాసెలిన్ ఎక్కువసేపు నిలబడతది, అదే దాని తప్పు కూడ, ప్యాడ్‌ల నుంచి పోదు, మూడు నాలుగు ఉతుకుల తర్వాత ప్యాడ్ చెమట పీల్చుడు బంద్ చేస్తది. పౌడర్ మాత్రం లాంగ్ రైడ్‌కు వద్దే వద్దు. పూసుకున్నప్పుడు హాయిగుంటది, మన ఎండకు చెమట పట్టినంక ఉండలు కట్టి ఇసుక లెక్క గీరుతది. ఏప్రిల్, మేల 42, 44 డిగ్రీలకు పోతది, అప్పుడు ఏ క్రీమ్ కంటే కూడ పొద్దుగాల 9 లోపు ఇంటికి చేరుకునుడే మంచి మందు.

రైడ్ మీద ఉన్నప్పుడు చేసేది చిన్న పనే. పది పదిహేను నిమిషాలకొకసారి పెడల్ మీద అర నిమిషం లేచి నిలబడండి, నొప్పి లేచినంక కాదు, లేవకముందే. నేను ఊరి బోర్డు కనవడితే లేస్త, ఆత్మకూర్, గూడెప్పాడ్, మల్లంపల్లి, లెక్క పెట్టుకోనక్కర లేదు. గుంత కనవడితే కూడ కూసొని పోవద్దు, కొంచెం లేవండి. బరువు గేర్ల నెమ్మదిగ తొక్కితే కాళ్ల మీద బరువు పడి సీటు మీద తగ్గుతది, కానీ మోకాళ్లకు మంచిది కాదు, అతి చేయొద్దు.

వచ్చినంక బయట అరుగు మీద కూసొని ముచ్చట్లు వెట్టకండి, నేను ఈ తప్పు చాలాసార్లు చేసిన. తడి ప్యాడ్‌తోని గంట కూసుంటే గడ్డలు లేచేది అప్పుడే. ముందు షార్ట్ ఇప్పి, స్నానం చేసి, మంచిగ తుడుచుకొని వదులు కాటన్ బట్టలు వేసుకోండి. షార్ట్‌ను ప్రతి రైడ్‌కు ఉతకాలె, ఉల్టా చేసి, మామూలు సబ్బుతోని, వాసనకు వేసే కంఫర్ట్ లాంటియి వద్దు, గుడ్డకు పొర కట్టి చెమట లాగనియ్యవు. వానాకాలం ఫ్యాన్ కింద ఒక రాత్రికి ఆరదు, అందుకే వరుసగ రెండు రోజులు తొక్కేటోళ్లకు రెండు షార్టులు ఉండాలె, సగం తడి షార్ట్ వేసుకొని పోవుడు కంటే రైడ్ మానుకునుడు నయం.

అప్పటికే తోలు లేస్తే రెండు మూడు రోజులు సైకిల్ ముట్టకండి, పొడిగ ఉంచండి. గడ్డ లేస్తే గిల్లొద్దు, పిండొద్దు, గోరువెచ్చటి నీళ్ల గుడ్డ పెట్టుకోవచ్చు, జ్వరం వచ్చినా ఎర్రదనం పాకుతున్నా డాక్టర్ దగ్గరికి పోవాలె, షుగర్ ఉన్నోళ్లు మొదటి రోజే పోవాలె. గుండ్రంగ అంచులు కట్టి దురద పెడితే అది ఒరుపు కాదు, తామర. మెడికల్ షాపుల "తామరకు ఏదన్న ఇయ్యి" అంటే స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ చేతిల పెట్టే అవకాశం ఉన్నది, రెండు రోజులు దురద పోతది, తర్వాత ఇంకింత మొండిగ పాకుతది. నేను ఒక షాపుల అట్లాంటి ట్యూబ్ తెచ్చుకొని మూడు వారాల్ల పోవాల్సిన దాన్ని మూడు నెలలు మోసిన. తిమ్మిరి సైకిల్ దిగిన కొద్దిసేపటికి పోకున్నా, మాటిమాటికి వస్తున్నా, సీటు సెట్ చేసుకునే దాకా తొక్కుడు ఆపండి, అప్పటికీ ఉంటే డాక్టర్‌కు చెప్పండి, దాంట్ల సిగ్గేం లేదు.

ఇగ ఎవరు ఏం కొనాలె. వడ్డేపల్లి చెరువు చుట్టు, ధర్మసాగర్ దాకా పోయొచ్చేటోళ్లు, 30 కిలోమీటర్ల లోపు, ఏం కొనకండి, అలెన్ కీ పట్టుకొని ఎత్తు సెట్ చేసుకోండి, గాలి తగ్గించుకోండి, మూడు వారాలు ఆగండి. పాకాల, రామప్ప అని 100 దాటాలనుకునేటోళ్లు ముందు ఒక మంచి షార్ట్ కొనండి, కొబ్బరి నూనెతోని నడిపియ్యండి. షార్ట్ వేసుకొని, ఎత్తు సరిచేసుకొని ఇంకా అదే జాగలో నొప్పి ఉంటే అప్పుడు అట్ట ముక్క మీద కూసొని కొలుచుకొని సీటు మార్చండి. తిమ్మిరి ఉన్నోళ్లకు ఈ వరుస వర్తించదు, ఎత్తు, ముక్కు సరిచేసినా పోకుంటే షార్ట్ కంటే ముందే సీటు. రెండు కలిపి ఒక్కసారే కొనకండి, ఏది పని చేసిందో తెల్వదు. కొన్నది ఏదైనా సరే పెద్ద రైడ్ నాడు మొదటిసారి వాడకండి, ముందు ఆదివారం పరకాల దాకా పోయి రండి, ఎక్కడన్న గుచ్చుకుంటే అక్కడనే తెలిసిపోతది, అలెన్ కీ మాత్రం జేబుల పెట్టుకపోండి.